చుట్టూ నలభై ఎకరాలు

పీచు మీదున్న మొక్కజొన్న కంకిని ఒకటి ఒలిచి చూడండి. గింజ కట్టే ఒక్కో చోటు నుంచి ఒక్కో పీచు పోగు బయటికి వచ్చి ఉంటుంది. మగపూత నుంచి పుప్పొడి రాలి ఆ పోగు మీద పడితేనే అక్కడ గింజ కడుతుంది. పుప్పొడి గాలికి ఎగిరేది కాబట్టి కంకి మీ చేనుదే అయినా, అందులో కొన్ని గింజల తండ్రి పక్కాయన చేనులో ఉండొచ్చు.

పాలమూరు, నల్లగొండ చెలకల్లో తరతరాలుగా పండిన జొన్నకు ఈ తంటా తక్కువ. అది చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. కోతలప్పుడు మేలైన కంకులు ఏరి దాచుకుంటే వచ్చే ఏటికి విత్తనం ఉన్నట్టే. ఏరే చెయ్యి, చూసే కన్ను చాలు. మక్కల (మొక్కజొన్న) దగ్గర ఆ కన్ను మోసపోతుంది.

ఈ సంగతి అమెరికాలోని అయోవాలో బాగా తేలింది. 1904లో పెరీ హోల్డెన్ అనే ప్రొఫెసర్ రైలు మీద ఊరూరా తిరిగి మంచి విత్తనం గురించి రైతులకు పాఠాలు చెప్పాడు. ఆ కాలపు రైతు సంఘాలకు కంకుల పోటీలంటే మహా మోజు. వరుసలు తిన్నగా ఉండి, మొనదాకా గింజ నిండిన కంకికి బహుమతి. హెన్రీ వాలెస్ అనే బడి కుర్రాడికి అనుమానం వచ్చింది. హోల్డెన్ మార్కులేసిన కంకుల్నే తెచ్చి, వేటికవి వేరువేరు సాళ్లలో విత్తి, పంట తూచాడు. ప్రొఫెసర్ మెచ్చిన కంకి దిగుబడిలో అట్టడుగు వరసలో తేలింది! ఆ కుర్రాడే 1926లో సంకర (హైబ్రిడ్) విత్తనాల కంపెనీ పెట్టాడు, ఆ తర్వాత దేశ ఉపాధ్యక్షుడయ్యాడు. 1920లో అయోవాలో దిగుబడి పోటీలు మొదలయ్యాయి. అందం పోయి తూకం వచ్చింది. సంఘం ఉండి చేయాల్సిన పని ఇదేనని నాకనిపిస్తుంది. ఒక్కడి చేనులో తేలనిది పది చేలలో తూస్తే తేలుతుంది.

మన దగ్గర సంఘం కన్నా ముందు సర్కారు వచ్చింది. మొక్కజొన్న మెరుగుదలకు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో అఖిల భారత సమన్వయ పథకం 1957లో మొదలైంది. 1961లో తొలి సంకరాలు విడుదలయ్యాయి: గంగా-1, గంగా-101, రంజిత్, దక్కన్. వీటిలో దక్కన్ మన హైదరాబాద్ అంబర్‌పేటలో పుట్టింది. 1963లో జాతీయ విత్తనాల సంస్థ, 1966లో విత్తన చట్టం వచ్చాయి. సంకరంలో పండిన గింజనే మళ్లీ విత్తితే దిగుబడి పడిపోతుంది. దాంతో విత్తనం రైతు గాదె దాటి దుకాణానికి చేరింది.

మరి రైతులే సంకర విత్తనం చేసుకోలేరా? చేసుకోవచ్చు, కానీ ఒంటరిగా కష్టం. ధ్రువీకరణ నిబంధనల ప్రకారం విత్తనపు మడి నుంచి మామూలుగా 200 మీటర్ల లోపు వేరే మొక్కజొన్న ఉండకూడదు. సరిహద్దు సాళ్లు పెంచితే కొంత సడలింపు ఉంటుంది. లెక్క కట్టి చూడండి: చదరంగా ఉన్న ఒక్క ఎకరం మడికి చుట్టూ 200 మీటర్లు వదిలితే, అది నలభై ఎకరాలు దాటుతుంది. రెండు మూడెకరాల కమతాలున్న ఊళ్లో అది ఎంతమంది రైతుల భూమో! వాళ్లంతా ఆ కారు మక్కలు వేయకుండా ఒప్పుకోవాలి, లేదా తామూ అదే విత్తనపు మడి వేయాలి.

రాజేంద్రనగర్‌లో తయారైన డీహెచ్‌ఎం-117 లాంటి సర్కారు సంకరాన్ని తీసుకుని ఒక సంఘం విత్తనం చేయాలనుకుందాం. తల్లిదండ్రుల విత్తనం అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి రావాలి. ఆడ సాళ్లు, మగ సాళ్లు వేరుగా విత్తాలి. ఆడ సాళ్లలో మగపూతను పుప్పొడి రాలకముందే, పూత కాలమంతా రోజూ తిరిగి చేత్తో లాగేయాలి. కూలీలు దొరక్క ఒకట్రెండు రోజులు తప్పితే, తనిఖీకి వచ్చిన అధికారి ఆ మడిని విత్తనానికి పనికిరాదని తోసిపుచ్చొచ్చు. అప్పుడా పంట పాలమూరు వైపు బాదేపల్లి మార్కెట్లో మామూలు మక్కల ధరకే అమ్ముడుపోతుంది.