ఇల్లు లేని యువత: విశాఖలో వినే అపోహలు, కనబడని వాస్తవాలు

హౌరా–చెన్నై దారిలో వచ్చే రైలు విశాఖపట్నం స్టేషన్లోకి వస్తే, వచ్చిన వైపుకే మళ్ళీ బయలుదేరాలి. ఇంజిన్ ఈ చివరి నుంచి ఆ చివరికి మారాలి. అందుకే ఇక్కడ బండి కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. అలా ఆగిన బళ్ళలోంచి టికెట్టు లేని కుర్రాళ్ళు కొందరు దిగుతూ ఉంటారు. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి, శ్రీకాకుళం, పార్వతీపురం పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. పదిహేనేళ్ళవాడూ ఉంటాడు, పందొమ్మిదేళ్ళవాడూ ఉంటాడు. జ్ఞానాపురం గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక చిన్నవాడిని చూసి జనం "అయ్యో పాపం" అంటారు, పెద్దవాడిని చూస్తే జేబు తడుముకుంటారు. వాడికి ఏం కావాలో అడిగేవాళ్ళు తక్కువ. అడగకుండానే మనం చెప్పేసుకునే సమాధానాలు మాత్రం చాలా ఉన్నాయి. అవి ఎంతవరకు నిజమో చూద్దాం.

అపోహ: వీళ్ళంతా దిక్కులేని అనాథలు. ఇల్లున్నవాళ్ళయితే తిరిగి పంపేస్తే సరిపోతుంది.

రైల్వే రక్షక దళం 2018లో దేశమంతటా స్టేషన్లలోనూ రైళ్ళలోనూ కాపాడిన పిల్లలు 17,112 మంది. వాళ్ళలో 13,187 మంది ఇంటి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళే. ముప్పావు వంతు కంటే ఎక్కువ. వీధి పిల్లలుగా నమోదైనవాళ్ళు 131 మంది. అంటే రైలెక్కిన పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారు, ఒక ఊరుంది, ఒక గుమ్మం ఉంది. ఇల్లు లేక రాలేదు, ఇంట్లో ఉండలేక వచ్చారు.

ఉండలేకపోవడానికి కారణాలు మనకు తెలియనివేం కావు. తాగొచ్చి కొట్టే తండ్రి, రెండో పెళ్ళి తర్వాత ఇంట్లో చోటు లేకపోవడం, పదో తరగతి తప్పితే పడే మాటలు, ఇటుక బట్టీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పిల్లాణ్ణి పనిలో పెట్టడం, ఆడపిల్లయితే చదువు మాన్పించి సంబంధం చూడడం. వీటిలో ఒక్కటీ మారకుండా ఆ పిల్లాణ్ణి తిరుగు రైలెక్కిస్తే, కొద్దిరోజుల్లో మరో స్టేషన్లో దిగుతాడు. ఈసారి ఇంకాస్త దూరంలో, ఎవరినీ నమ్మని మనసుతో.

అందుకే 2015 నాటి బాల న్యాయ చట్టం ఊరికే అప్పగించమని చెప్పలేదు. దొరికిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఇంటి పరిస్థితులు విచారించి నివేదిక తెప్పించుకోవాలి. బిడ్డ ఇష్టం కూడా తెలుసుకోవాలి. పేదరికమే కారణమైతే ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఆ కుటుంబానికి బిడ్డ పోషణ కోసం నెలకు 4,000 రూపాయల ఆర్థిక సాయం అందించే మార్గముంది. ఇంటికి చేర్చడం మంచిదే. చేర్చాక ఆరు నెలలైనా ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి. మన దగ్గర సాధారణంగా జరగనిది అదే.

అపోహ: బయటి ఊళ్ళ నుంచి వచ్చి మన నగరం మీద పడ్డారు.

1933లో రేవు తెరిచినప్పటి నుంచీ ఈ ఊరు పెరిగింది బయటి నుంచి వచ్చినవాళ్ళతోనే. రేవులో కలాసీలు, షిప్‌యార్డు కార్మికులు, నేవీ ఉద్యోగులు, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చినవాళ్ళు. ఆ ఫ్యాక్టరీ కోసం సొంత ఊళ్ళు వదులుకున్న వేలాది కుటుంబాలు కూడా ఇక్కడివే. ఎవరు ముందొచ్చారో లెక్కలు తీస్తే ఈ ఊళ్ళో మాట్లాడే హక్కు చాలా కొద్దిమందికే మిగులుతుంది.

అపోహ: పని చేయరు. చూడండి, పగలంతా నిద్రే.

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించే మాట.

ఫిషింగ్ హార్బర్లో వేలంపాట తెల్లవారేసరికి మొదలవుతుంది. అంతకు ముందే మరపడవల్లోంచి చేపలు దించాలి, ఐసు కొట్టాలి, ట్రేలు మోయాలి. పూర్ణా మార్కెట్‌కి కూరగాయల లారీలు వచ్చేది రాత్రిపూట. ముహూర్తాల రోజుల్లో కేటరింగ్ వాళ్ళ వెంట వెళ్ళిన కుర్రాళ్ళు వడ్డన చేసి, గిన్నెలు కడిగి, వ్యాను ఎక్కేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆటోనగర్లో లారీల దగ్గర క్లీనర్లు, పాత ఇనుము కొట్లకు సరుకు ఏరి తెచ్చేవాళ్ళు, బీచ్ రోడ్డులో బొమ్మలు అమ్మేవాళ్ళు కూడా ఈ కుర్రాళ్ళలో ఉన్నారు. ఊరు నిద్రపోయే వేళ పనిచేసినవాడు ఊరు లేచాక పడుకుంటాడు.

పని లేని రాత్రి కూడా వాళ్ళు గాఢంగా నిద్రపోరు. రోడ్డు పక్కన రాత్రిపూట ఒళ్ళు మరచి పడుకోవడం ప్రమాదం. డబ్బులు పోతాయి, చెప్పులు పోతాయి, అంతకంటే ఘోరాలు జరుగుతాయి. లాఠీతో తట్టి లేపేవాళ్ళూ ఉంటారు. జనం తిరిగే పగటిపూటే వాళ్ళకు కాస్త భద్రత. సెంట్రల్ పార్కు బెంచీ మీద మధ్యాహ్నం పడుకున్న కుర్రాణ్ణి సోమరి అనేముందు ఈ సంగతి ఆలోచించాలి.

సంపాదించింది దాచుకునే చోటు లేదన్నది వాళ్ళ అసలు కష్టాల్లో ఒకటి. కూలి చేతికి నగదుగా వస్తుంది. జేబులో ఉంటే దొంగలు, బడ్డీ యజమాని దగ్గర దాచితే అతని దయ. అందుకే వచ్చింది వచ్చినట్టు ఖర్చయిపోతుంది. "రేపటి గురించి ఆలోచన లేదు" అని మళ్ళీ మనమే అంటాం. తాళం వేసుకునే ఒక చిన్న అర, ఫోను చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు, డబ్బు లెక్క చూసుకోకుండా స్నానం చేయగల చోటు ఉంటే ఎంత మార్పు వస్తుందో ఊహించండి. ఉతికిన చొక్కా లేనివాడికి షాపులో పని ఎవరిస్తారు?

అపోహ: షెల్టర్లు ఉన్నాయి కదా, వాళ్ళే వెళ్ళరు.

జనాభా 5 లక్షలు దాటిన నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2011 లెక్కల్లో విశాఖ నగర జనాభా 17.28 లక్షలు. ఆ లెక్కనే తీసుకున్నా 17 ఆశ్రయాలు ఉండాలి. నగరం అప్పటికంటే చాలా పెరిగింది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) స్వచ్ఛంద సంస్థలతో కలిసి ఆశ్రయాలు నడుపుతోంది. వాటిలో ప్రాణం పెట్టి పనిచేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు.

కాని ఒక పందొమ్మిదేళ్ళవాడి వైపు నుంచి చూడండి. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఆశ్రయాలను పురుషులకు, స్త్రీలకు, కుటుంబాలకు విడివిడిగా చెప్పింది. వృద్ధులకు, మానసిక రోగులకు, కోలుకుంటున్న రోగులకు ప్రత్యేకంగా ఉండాలంది. మన కుర్రాడు వెళ్ళేది పురుషుల హాలుకే. అక్కడ పక్క మంచం మీద యాభై ఏళ్ళ మనిషి, కొన్నిసార్లు తాగి వచ్చినవాడు. వయసులో చిన్నవాడు కాబట్టి అందరూ పనులు చెప్తారు, కొందరు భయపెడతారు. రాత్రి తలుపు మూసే వేళకు వాడి హార్బర్ పని మొదలవుతుంది. ఆశ్రయం కావాలంటే కూలి వదులుకోవాలి, కూలి కావాలంటే ఆశ్రయం వదులుకోవాలి. వాడు కూలినే ఎంచుకుంటే దాన్ని మొండితనం అనడం అన్యాయం. ఈ వయసువాళ్ళకు విడిగా ఒక హాలు, పని వేళలను బట్టి తెరుచుకునే తలుపు, వాళ్ళ మాట వినగల ఒక మనిషి ఉన్నాక, అక్కడికి వెళ్తారా లేదా అన్నది అప్పుడు అడగాలి.

అపోహ: మత్తుకు అలవాటు పడి రోడ్డున పడ్డారు.

కొందరి విషయంలో నిజమే. చాలామంది విషయంలో జరిగేది తిరగేసి: రోడ్డున పడ్డాక మత్తు వస్తుంది. పంక్చర్లకు వాడే సొల్యూషన్, వైట్‌నర్ గుడ్డలో పోసి పీలిస్తే ఆకలి తెలియదు, చలి తెలియదు, భయం తెలియదు. అన్నం కంటే చవక. తోటివాళ్ళు ఇస్తారు కాబట్టి అదే స్నేహానికి మొదటి మెట్టు కూడా. ఇక ఏజెన్సీ కొండల నుంచి గంజాయి దించేవాళ్ళు సంచి మోయడానికి వెతికేది ఎవరి తాలూకూ కాని కుర్రాణ్ణే. దొరికిపోయేది వాడు, తప్పించుకునేది సంచి ఇచ్చినవాడు. పిల్లల చేత మత్తుపదార్థాలు మోయించినవాడికి ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉందని బాల న్యాయ చట్టం 78వ సెక్షన్ చెబుతోంది. మన కోపం వెళ్ళవలసింది అటువైపు.

తిట్టి మాన్పించగల అలవాటు కాదిది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ సలహా ఉచితంగా దొరుకుతుంది. అయితే చికిత్స తర్వాత కూడా అదే ఫుట్‌పాత్ మీదికి వెళ్ళవలసినవాడికి మందు ఎంతకాలం పనిచేస్తుంది?

అపోహ: అమ్మాయిలు ఈ స్థితిలో ఉండరు.

కనబడరు, అంతే. రోడ్డు మీద ఒక రాత్రి గడిపేలోపే ఆడపిల్లను ఎవరో ఒకరు "తీసుకెళ్తారు". పనిమనిషిగా కావచ్చు, పెళ్ళి పేరుతో కావచ్చు, వ్యభిచారంలోకి కావచ్చు. తలమీద కప్పు ఉంది కాబట్టి ఏ లెక్కలోకీ రాదు. ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్‌జెండర్ పిల్లల సంగతీ దాదాపు ఇంతే. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్ళను లెక్కించింది ఫిబ్రవరి 28 రాత్రి, ఆ ఒక్క రాత్రే. దేశంలో 17.7 లక్షల మంది తేలారు. దాక్కోవడమే భద్రత అనుకునేవాళ్ళు ఒక రాత్రి లెక్కకు ఎలా దొరుకుతారు? ఆపదలో ఉన్న అమ్మాయికి 181 మహిళా సహాయవాణి, బాధిత స్త్రీలకు అండగా నిలిచే సఖి కేంద్రం ఉన్నాయి. ఈ సంగతి ముందుగా తెలియవలసింది ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి ఆటోడ్రైవర్లకూ టీ బడ్డీల వాళ్ళకూ. ఒంటరిగా బస్సు దిగిన పిల్లను మొదట చూసేది వాళ్ళే.

అపోహ: 18 నిండాయంటే ఇక పెద్దవాడే, తన బతుకు తాను చూసుకుంటాడు.

మన ఇళ్ళలో పద్ధెనిమిదేళ్ళ కొడుకు ఇంటర్ అయ్యాక ఏం చదవాలో నాన్ననడుగుతాడు. ఫీజు మనమే కడతాం, హాస్టల్లో దింపి వస్తాం, జ్వరమొస్తే పరుగెత్తుతాం. ఇరవై అయిదు దాటినా "ఇంకా కుదురుకోలేదు" అని ఓపిక పడతాం. తల్లిదండ్రులు వెనక లేని పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి ఒక పుట్టినరోజుతో పెద్దవాడైపోవాలంటాం.

చట్టం మాత్రం ఇక్కడ కాస్త మెత్తబడుతుంది. బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం, 18 నిండి సంరక్షణ గృహం నుంచి బయటికి వెళ్ళేవారికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. నిబంధనల ప్రకారం 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక సందర్భాల్లో 23 వరకు అనంతర సంరక్షణ ఉంటుంది. మిషన్ వాత్సల్యలో ఇందుకు నెలకు 4,000 రూపాయలు పెట్టారు. ఈ వెసులుబాటు ఉన్నదే చాలామంది పిల్లలకు తెలియదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఇది సంరక్షణ గృహంలో ఉండి వెళ్ళేవాళ్ళ కోసం. పదిహేడున్నరేళ్ళకు రైలు దిగి, ఏ గృహంలోనూ చేరకుండా హార్బర్లో పనికి కుదిరిన కుర్రాడు ఆ లెక్కలోకి రాడు. నిన్నటివరకు కాపాడవలసిన బిడ్డ. ఈరోజు ఏ పథకంలోనూ వాడి పేరు లేదు. మార్చవలసింది మొదట ఈ గీతను. సంరక్షణ గృహంలో ఉన్నా లేకపోయినా, కుటుంబం అండ లేని 18–23 ఏళ్ళవారందరికీ అనంతర సంరక్షణ హక్కుగా అందాలన్నది నా మాట.

అపోహ: ఆధార్ లేనివాడికి ఎవరూ ఏమీ చేయలేరు.

చేయవచ్చు. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహాల నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ నమోదు జరుగుతుంది. బ్యాంకులో "చిన్న ఖాతా" తెరవడానికి అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేసిన ఫోటో చాలు. నిల్వ 50,000 రూపాయలు దాటకూడదు, ఏడాదిలోగా గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసుకోవాలి. ఓటుకైతే చిరునామా రుజువే అక్కర్లేదు. ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే నిద్రిస్తున్నాడా అని చూస్తారు. చదువు మధ్యలో ఆగినవాళ్ళు ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయవచ్చు. దారులున్నాయి. కౌంటర్ దగ్గర ఆ కుర్రాడి పక్కన నిలబడి "ఈయన నాకు తెలుసు" అనే మనిషే కరువు.

మీ బోటు మీద, మీ కేటరింగ్‌లో, మీ కొట్లో అలాంటి అబ్బాయి పనిచేస్తుంటే ఒక్క పూట సెలవు పెట్టి అతనితో బ్యాంకుకు వెళ్ళండి. పద్ధెనిమిది లోపు పిల్ల గాని పిల్లాడు గాని ఒంటరిగా కనబడితే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. దిక్కులేనట్టు గాని తప్పిపోయినట్టు గాని ఉన్న బిడ్డ గురించి 24 గంటల్లోగా తెలియజేయడం పౌరుడి చట్టబద్ధమైన బాధ్యత. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మీ వార్డు కార్పొరేటర్ ఓటుకు వచ్చినప్పుడు యువతకు విడిగా ఒక ఆశ్రయం ఎప్పుడు తెరుస్తారని అడగండి.