ఖాళీ గడి సున్నా కాదు

మాది ధర్మపురి పక్కనున్న సోగత్తూరు. తెలుగులో ఇలా రాస్తాం. ఇంగ్లీషులో మాత్రం ఒకరు ఒక 'టి' పెడతారు, ఒకరు రెండు పెడతారు, ఇంకొకరు 'హెచ్' కలుపుతారు. మనకు ఊరొక్కటే, కంప్యూటరుకు మూడు ఊళ్లు!

ప్రభుత్వ కాలుష్య లెక్కలనూ చెత్త లెక్కలనూ కలిపే సాఫ్ట్‌వేర్ పని ఇక్కడే మొదలవుతుంది. గాలి లెక్క ఒకరి దగ్గర, భూగర్భజలం లెక్క ఇంకొకరి దగ్గర, చెత్త లెక్క మునిసిపాలిటీల దగ్గర ఉంటాయి. ఎవరి పట్టిక వాళ్లది. కలపాలంటే మూడు చిక్కులు విప్పాలి.

మొదటిది పేరు. ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకేలా ఉన్న స్పెల్లింగులను గుంపుగా చూపిస్తుంది. అవి ఒకే ఊరివా కాదా అని తేల్చాల్సింది మనిషే. పేరు ఒకటే అయినా మోసం జరగొచ్చు. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి విడిపోయి వేరే జిల్లా అయింది. అంతకుముందు 'ధర్మపురి జిల్లా' అంటే రెండూ కలిపి. ఆ సంగతి చెప్పకపోతే, జిల్లా మొత్తం చెత్త ఒక్క ఏడాదిలో తగ్గిపోయిందని సాఫ్ట్‌వేర్ సంబరపడుతుంది.

రెండోది కొలత. ఒకరు చెత్తను రోజుకు ఇన్ని టన్నులని రాస్తే, ఇంకొకరు ఏడాదికి రాస్తారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఫరవాలేదనీ మన దేశ ప్రమాణం. అదే 1.5ను మైక్రోగ్రాముల్లో రాస్తే 1500. మార్చి రాసినా, మొదటి అంకెను చెరిపేయకూడదు. పాఠ పరిష్కరణ చదివిన మనకిది తెలిసిన పద్ధతే కదా: ఒక పాఠాన్ని తీసుకున్నా, పాఠాంతరాలను అడుగున చూపిస్తాం.

మూడోది ఖాళీ గడి. పరీక్ష చేయని బోరుకు ఎదురుగా గడి ఖాళీగా ఉంటుంది. దాన్ని సున్నా అని చదివితే అది మంచినీళ్ల బోరైపోతుంది! మా జిల్లాలో ఫ్లోరైడ్ బాధ ఎంతటిదంటే, హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చే పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అని ఉంది.

మా అవ్వ నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. చిన్నప్పుడు ఆమె తాగిన బావినీళ్లను ఎవరూ పరీక్షించలేదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీయే. అక్కడ సున్నా వేస్తే అవ్వ పళ్లు ఒప్పుకోవు.