వార్డు మూతపడ్డప్పుడు డాక్టరు చదువు

2020 మార్చిలో మెడికల్ కాలేజీలు మూతపడ్డాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. డిసెంబరు 1 కల్లా తెరవమని జాతీయ వైద్య కమిషన్ సూచించేదాకా చాలాచోట్ల ఎం.బి.బి.ఎస్. చదువంతా ఫోన్లోనే నడిచింది. పాఠం ఫోన్లోకొచ్చింది గాని పేషెంటు రాలేదు గదా! ఆ లోటు అందరికీ ఒకే మోతాదులో తగిలిందా అన్నదే ఈ వ్యాసంలో చర్చించదల్చుకున్న ప్రశ్న.

క్లినికల్ పోస్టింగు అంటే ఏంటో ముందు చెప్పుకోవాలి. మన పాఠకుల్లో డాక్టర్ల ఇళ్లనుంచి వచ్చినవాళ్లు తక్కువ. రెండో ఏడు నుంచి విద్యార్థుల్ని చిన్న బ్యాచులు చేసి మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల వార్డుల చుట్టూ వారాల లెక్కన తిప్పుతారు. చదువయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్పు. మనోళ్లు ఇప్పటికీ హౌస్ సర్జనే అంటారు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం ఆ 52 వారాల్లో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12, ప్రసూతికి 7, మెడిసిన్‌కు 6, సర్జరీకి 6 వారాలు.

ఈ చక్రం ఆగడానికి కాలేజీ మూతపడనక్కర్లేదు. హైదరాబాదు గాంధీ ఆస్పత్రిని 2020లో పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు. మామూలు రోగులు ఉస్మానియాకి మళ్లారు. దాంతో గాంధీలో సర్జరీ నేర్చుకోవాల్సిన పి.జి.లకు సర్జరీ కేసులే కరువయ్యాయి. మిగతా వైద్యసేవలు మళ్లీ మొదలెట్టమని జూనియర్ డాక్టర్లు ఆందోళన చేసింది అందుకే.

ఫోన్లో నేర్చుకోగలిగేవి లేకపోలేదు. ఎక్స్‌రే చదవడం, ఈసీజీ చూడటం, కేసు గురించి చర్చించడం కొంతవరకు కుదురుతాయి. రక్తనాళం దొరకబుచ్చుకోవడం, కాన్పు చేయడం, పొట్ట తడిమి కాలేయం అంచు పట్టుకోవడం కుదరవు. మా చిన్నాన్న కూతురు ఆ ఏడాది మూడో సంవత్సరం. సిగ్నల్ కోసం చెరువుకట్ట ఎక్కి క్లాసులు వినేది. "అన్నా, లివర్ తడమడం వీడియోలో పదిసార్లు చూశా, మనిషి మీద ఒక్కసారీ చూళ్లేదు" అంది. ఆ అమ్మాయి క్లాసులోనే నర్సింగ్ హోం ఉన్న ఇంటి పిల్లలు ఆ నెలల్లో వాళ్ల నాన్న వెనకాల రౌండ్స్ తిరిగారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. కానీ కూలిచేసుకు బతికే ఇంటి పిల్లకు సర్కారు వార్డు తప్ప వేరే వార్డు లేదు. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న దళిత విద్యార్థికి ఆ వార్డే పాఠ్యపుస్తకం, ఆ వార్డే పెద్దదిక్కు. మూసినప్పుడు ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తెరిచాక పోయిన వారాలు పూడ్చాలని రెండు బ్యాచులు కలిపేశారట. మంచం చుట్టూ నలభైమంది. ముందు నిలబడేది ఎవరో, వెనక నుంచి మెడలు సాచేది ఎవరో చెప్పక్కర్లేదు.

విదేశాల్లో చదివినవాళ్ల సంగతి ఇంకొకటి. కోవిడ్‌తోనూ, 2022 ఫిబ్రవరిలో మొదలైన ఉక్రెయిన్ యుద్ధంతోనూ చివరి ఏడాదిలో తిరిగొచ్చిన విద్యార్థుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. 2022 జులైలో కమిషన్ ఒక దారి చూపింది. ఆ ఏడాది జూన్ 30లోపు డిగ్రీ చేతికొచ్చినవాళ్లు ఇక్కడి పరీక్ష పాసయ్యాక ఏడాది బదులు రెండేళ్లు ఇంటర్న్‌షిప్పు చేయాలి. వార్డు ముఖం చూడనివాడు డాక్టరుగా రాకూడదు, నిజమే. అయితే పొలం తాకట్టుపెట్టి పంపినింటికి ఆ రెండో ఏడు ఎంత బరువో కూడా చూడాలి.

మరి ఎలా అమర్చాలి? బ్యాచుని ఇంకా చిన్నది చేసి, పెద్దాస్పత్రి ఒక్కదాని మీదే ఆధారపడకుండా జిల్లా, ఏరియా ఆస్పత్రులకూ పి.హెచ్.సి.లకూ పంపొచ్చు. పి.జి.లకు మూడు నెలల జిల్లా ఆస్పత్రి పోస్టింగు 2020లోనే నిబంధనల్లోకి వచ్చింది గనక ఇది కొత్త ఊహేం కాదు. కాకపోతే అక్కడ నేర్పే సీనియర్ ఉండాలి, ఉండటానికి గది, రావడానికి బస్సు ఛార్జీ ఉండాలి. లేకపోతే చాకిరీ మిగుల్తుంది, చదువు మిగలదు. హాస్టళ్లు ముయ్యాల్సొచ్చినా ఊరికి పోతే చదువు సాగని పిల్లలకైనా కొన్ని గదులు తెరిచుంచాలి. హాజరు శాతం చూసి సరిపెట్టకుండా, ఎవరు ఎన్ని కాన్పుల్లో చెయ్యి పెట్టారో, ఎన్ని కుట్లు వేశారో లాగ్‌బుక్కులో లెక్క చూసి, తక్కువున్నవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి. ఎవరికి ఏ ఆస్పత్రి, ఏ వారం అన్న జాబితా హెచ్.ఓ.డి. గదిలో కాదు, నోటీసు బోర్డు మీద ఉండాలి. విద్యార్థి సంఘాలు అడగాల్సింది మొదట ఆ కాగితమే.