మాలిక్ ఎవరో తెల్వకుంటే అడిగేదెవరిని?

జీతం ఆగితే కార్మికుడు ఎవల దగ్గరికి పోవాలె? సూపర్‌వైజర్ కాంట్రాక్టర్‌ను చూపిస్తడు. కాంట్రాక్టర్ బిల్లు రాలేదంటడు. కంపెనీని అడిగితే "నువ్వు మా మనిషివే కాదు" అంటది. అందుకే హక్కుల ముచ్చట కంటే ముందు మాలిక్ ముచ్చట తెలుసుకోవాలె.

కిరాణా కొట్టు ఒక్కడి సొంతం. లాభమూ ఆయనదే, అప్పూ ఆయనదే. ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకుంటే భాగస్వామ్యం. 1932 చట్టం ప్రకారం సంస్థ అప్పులకు పాలోళ్లందరూ జవాబుదారులే. లెక్కల పుస్తకాలు చూసే హక్కు గూడ అందరికీ ఉంటది. లిమిటెడ్ కంపెనీ వేరు. చట్టం దాన్నే ఒక మనిషి లెక్క చూస్తది. అది మునిగితే వాటాదారునికి పోయేది వాటా పైసలే, ఇల్లు పోదు. సహకార సంఘంల సభ్యులే మాలిక్‌లు, వాటా ఎంతున్నా మనిషికి ఒక్కటే ఓటు. వాటాలల్ల కనీసం 51 శాతం సర్కారుది అయితే సర్కారు కంపెనీ.

ఇగ మన సింగరేణినే చూడుండ్రి. 1889ల ఇల్లందుల బొగ్గు తవ్వుడు మొదలుపెట్టింది ప్రైవేటు కంపెనీ. 1945ల నిజాం సర్కారు పెద్ద వాటా కొన్నది. ఇయ్యాల తెలంగాణ సర్కారుకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం. అంటే మాలిక్ జనమే. మరి అండ్ల పనిచేసేటోళ్లంతా ఒక్కటేనా? 2024ల లాభంల వాటా పంచినప్పుడు పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేలు వచ్చినయ్. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు. అదీ మొదటిసారి! బొగ్గు ఒక్కటే, దుమ్ము ఒక్కటే. కాగితం మీద మాలిక్ పేరే వేరు. గుర్తింపు సంఘం ఎన్నికలల్ల గూడ కాంట్రాక్టోళ్లకు ఓటు లేదు.

అట్లని వాళ్ల చేతుల ఏం లేదనుకోవద్దు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలె, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలె. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పిన మాట ఇది. "నువ్వు మా మనిషివి కాదు" అంటే ఒడిసిపోదు.

తిండి పొట్లాలు మోసే పిల్లగాళ్లను "పార్ట్‌నర్" అని పిలుస్తున్నరు. లాభంల పాలు లేదు, లెక్కలు చూసే హక్కు లేదు. గిదేం భాగస్వామ్యం? పేరు పెద్దది పెట్టి జిమ్మేదారి దులుపుకునుడే.

యూనియన్ అంటే జెండా, చందా, నాయకుని కారు అనుకునేటోళ్లు శానామంది. అసలు పని బేరం. ఒక్కడు అడిగితే రేపటి నుంచి రావద్దంటరు, వందమంది అడిగితే కూసోని మాట్లాడుతరు. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు దరఖాస్తు చెయ్యొచ్చని 1926 చట్టం చెప్పింది, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ గూడ ఆ లెక్క ఉంచింది. కానీ ఒక్కకాడ నాలుగు సంఘాలుంటే, 51 శాతం మంది ఎన్క ఉన్నదానికే ఒంటరిగ బేరమాడే హక్కు అన్నది ఆ కోడ్. జెండాకొక ముక్క అయితే ఎవలకు లాభమో చెప్పనక్కరలేదు.

ఈ నెల జీతం చీటీ తీసి చూడుండ్రి. అండ్ల ఎవల పేరున్నది? పీఎఫ్ ఎవలు కడుతున్నరు? చీటీయే ఇయ్యకుంటే, మొదటి డిమాండు అదే.