చెమటకూ ఓ లెక్కుంది

2023 ఏప్రిల్ 14. జపాన్‌లోని సైతామా ప్రాంతం, సోకా పట్టణం. యోనెక్స్ కర్మాగారం వ్యాయామశాలలో అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ షటిల్‌ను బలమంతా పెట్టి బాదాడు. వేగం గంటకు 565 కిలోమీటర్లు! మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట పదేళ్లుగా ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు చెరిగిపోయింది. కోనసీమ కుర్రాడి పేరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకూ అందుకున్నాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అదే సాత్విక్ భుజం గాయంతో ఆసియా చాంపియన్‌షిప్‌కు దూరమయ్యాడు. పారిస్ ఒలింపిక్స్ తర్వాత మళ్లీ కొన్ని నెలల విరామం. 2024 నవంబరులో చైనా మాస్టర్స్ నాటికి గానీ కోర్టులోకి రాలేకపోయాడు.

స్మాష్ కొట్టే భుజాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఇది ఆశ్చర్యమనిపించదు. చెయ్యి తల వెనక్కి వెళ్లి రెప్పపాటులో ముందుకు తిరుగుతుంది. ఆ విసురుకు బలమిచ్చేవి కాళ్లు, నడుము, ఛాతీ, వీపుల్లోని పెద్ద కండరాలు. భుజం ఎముక గుండు గూట్లోంచి జారకుండా పట్టి ఉంచేవి, విసురు అయ్యాక చేతికి బ్రేకు వేసేవి మాత్రం రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎంత మేటి ఆటగాడైనా ఈ తేడాను దాటలేడు.

సాత్విక్ వెనుక కోచ్, ఫిజియో, ట్రైనర్, డాక్టర్లు ఉన్నారు. ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లున్నారు. ఆలమూరు, రావులపాలెం, మండపేటల్లో తెల్లారకుండానే జిమ్‌కు వెళ్లే కుర్రాడికి, పోలీసు ఎంపిక కోసం ఏటిగట్టు మీద పరుగెత్తే అభ్యర్థికి, డాక్టరు 'బరువు తగ్గాలి' అన్న మర్నాడే షూ కొనుక్కున్న నలభై అయిదేళ్ల పెద్దమనిషికి ఆ మాట చెప్పేదెవరు?

చింతలూరు మాట

జిల్లా కోనసీమే అయినా ఆలమూరు మండలం ఉండేది గోదావరి పాయ గౌతమికి ఎడమ గట్టున. జొన్నాడ వంతెన దాటితే అవతల రావులపాలెం. ఈ మండలంలోనిదే చింతలూరు. ఆ పేరు వినగానే తెలుగువాళ్లకు ఆయుర్వేదం గుర్తొస్తుంది. శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద నిలయం మందులు దశాబ్దాలుగా మన ఇళ్లకు వస్తూనే ఉన్నాయి.

ఆ వైద్యానికి మూలగ్రంథాలైన సుశ్రుత సంహిత, వాగ్భటుడి అష్టాంగ హృదయం వ్యాయామాన్ని ఘనంగా మెచ్చుకుంటాయి. ఒళ్లు తేలికవుతుంది, పని చేసే సత్తువ వస్తుంది, ఆకలి పెరుగుతుంది, కొవ్వు కరుగుతుంది అంటాయి. ఆ వెంటనే హద్దు గీస్తాయి. బలమైనవాడైనా, నెయ్యీ నూనే దండిగా తినేవాడైనా తన శక్తిలో సగం వరకే వ్యాయామం చేయాలి. అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా కాలాల్లో ఇంకా తగ్గించాలి. సగమైందని తెలిసేదెలా? నుదుటి మీద, ముక్కు మీద, కీళ్ల దగ్గర చెమట పట్టాలి, నోరు ఎండడం మొదలవాలి. అక్కడ ఆగాలి. మితిమీరితే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, నీరసం తప్పవని హెచ్చరిక. ఏనుగును ఈడ్చబోయి సింహం తానే నశించినట్టు అతిగా శ్రమించినవాడు దెబ్బతింటాడని వాగ్భటుడు రాశాడు.

నేటి వైద్యులు వాడే కొలత కూడా ఇంత తేలికైనదే. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మోస్తరు వ్యాయామం. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే కఠినం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల కఠిన వ్యాయామం కావాలి. వాటితోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలి.

గుండె చెప్పే లెక్క

కఠిన వ్యాయామం చెడ్డదని ఎవరూ పొరబడకూడదు. అమెరికాలో లక్షా పదహారు వేల మందికి పైగా పెద్దలను ముప్ఫై ఏళ్లు గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనం ఉంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు కఠినంగా శ్రమించినవారికి మరణ ముప్పు బాగా తగ్గింది. అంతకు మించి చేసినవారికి కీడేమీ కనిపించలేదు, అదనంగా కలిసొచ్చిందీ పెద్దగా లేదు.

ముప్పు ఎక్కువగా ఉండేది అలవాటు లేని ఒంటికి. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన దీన్ని అంకెల్లో చూపించింది. గుండెపోటు వచ్చిన 1,228 మందిని పరిశోధకులు ప్రశ్నించారు. ఒళ్లు హూనమయ్యే శ్రమ చేసిన తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు, వారానికి అయిదుసార్లు, అంతకు మించి వ్యాయామం చేసేవారిలో మామూలు కంటే 2.4 రెట్లు పెరిగింది. వారానికి ఒక్కసారి కూడా చేయనివారిలో ఏకంగా 107 రెట్లు! రోజూ చెమట పట్టించే అలవాటే కఠిన శ్రమ నుంచి గుండెను కాపాడుతోందన్నమాట.

మన దేశంలోనూ భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో అధ్యయనం చేసింది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య, పైకి ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలను బతికున్నవారి వివరాలతో పోల్చి 2023లో ఫలితాలు ప్రకటించింది. కోవిడ్ టీకా వల్ల ముప్పు పెరగలేదని తేలింది. మరణాలతో ముడిపడి కనిపించినవి వేరే: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో హఠాన్మరణాలు, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా మద్యం తాగడం, మత్తు పదార్థాలు, అదే 48 గంటల్లో తీవ్రమైన శారీరక శ్రమ.

2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకు, 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకు హఠాత్తుగా కన్నుమూసినప్పుడు 'వ్యాయామం చేసేవాళ్లకే ఇలా అయితే ఎలా' అని ఊరూరా చర్చ నడిచింది. భయపడి నడక కూడా మానేసినవాళ్లున్నారు. మానాల్సింది వ్యాయామం కాదు. ఫిట్‌గా కనిపిస్తున్నాం కాబట్టి పరీక్షలు అక్కర్లేదన్న ధీమాను మానాలి.

ఎనిమిది నిమిషాల కోసం

మన రాష్ట్రంలో కానిస్టేబుల్ కావాలంటే పురుష అభ్యర్థి 1,600 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో దాటాలి. నెలల తరబడి సాధన చేసినవాడికి ఇది కష్టమేమీ కాదు. నోటిఫికేషన్ పడ్డాక, ప్రిలిమ్స్ గట్టెక్కాక, మూడు వారాల్లో సాధించాలనుకునేవాడికే ప్రమాదం. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు గంటలో పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. అందరూ ఉద్యోగం కోసం వచ్చిన పడుచువాళ్లు. ఆ కుటుంబాలకు జరిగిన నష్టం ఏ పరిహారంతోనూ పూడదు.

గోదావరి తీరానికి మరో చిక్కుంది. వేసవిలో గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే తప్ప ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరకపోతే లోపలి వేడి పెరుగుతూ పోయి వడదెబ్బకు దారితీస్తుంది. వేసవిలో వ్యాయామం తగ్గించమన్న వాగ్భటుడి మాట కోనసీమకు మరీ బాగా వర్తిస్తుంది.

దింపు కార్మికుడి ఒళ్లు

రోజంతా కష్టం చేసేవాడికి వ్యాయామమెందుకని చాలామంది అంటారు. కొబ్బరి దింపు కార్మికుడినే చూద్దాం. తాడు సాయంతో, నడుముకు కత్తి దోపుకొని నిట్టనిలువు చెట్టెక్కుతాడు. పైన ఒక చేత్తో మట్టను పట్టుకుని, రెండో చేత్తో గెల నరుకుతాడు. మెడ పైకెత్తే ఉంటుంది, మోకాళ్లు మడిచే ఉంటాయి, పాదాలు కాండానికి అదిమే ఉంటాయి. దిగీ దిగగానే మరో చెట్టు. ఇలా రోజుకు పదుల చెట్లు. కండ ఉక్కులా ఉంటుంది. నడుము, మోకాళ్లు మాత్రం నడివయసుకే మొరాయిస్తాయి.

పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి. దాదాపు రెండు లక్షల మంది వివరాలున్న 17 అధ్యయనాలను కలిపి నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2018లో ఓ విశ్లేషణ ప్రచురించారు. ఉద్యోగంలో భాగంగా అధిక శ్రమ చేసే పురుషులకు అకాల మరణ ముప్పు, తక్కువ శ్రమ చేసేవారి కంటే 18 శాతం ఎక్కువగా తేలింది. సరదాకు చేసే వ్యాయామం ఆయుష్షు పెంచుతుంటే, కూలి కోసం చేసే శ్రమ ఎందుకు పెంచడం లేదు? గంటల తరబడి ఒకే రకం కష్టం, మధ్యలో తెరిపి లేకపోవడం, రక్తపోటు రోజంతా దిగకపోవడం కారణాలు కావచ్చని శాస్త్రవేత్తల అంచనా. ఒంటికి మేలు చేసేది కష్టం ఒక్కటే కాదు, దాని వెనుక దొరికే విశ్రాంతి కూడా. ఆ విశ్రాంతి దింపు కార్మికుడికి దొరకదు. జిమ్ కుర్రాడికి దొరుకుతుంది, వద్దనుకుంటాడు.

ఆగడమూ ఆటలో భాగమే

పీవీ సింధు 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. ఎడమ చీలమండ నొప్పితోనే ఫైనల్ ఆడింది. ఎముకలో సన్నని పగులు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ నెలలోనే ఉన్న ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుంది. 2023 జనవరిలో గానీ తిరిగి బరిలోకి దిగలేదు. ఎముక రోజూ కొంత అరిగి, కొంత పూడుకుంటుంది. పూడుకునే లోపే మళ్లీ మళ్లీ దెబ్బ తగిలితే తడి ఆరని గోడ మీద స్లాబు పోసినట్టే, ఎక్కడో ఒకచోట బీట వేస్తుంది.

పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో దెబ్బతింది. శస్త్రచికిత్సలు జరిగాయి, ఏళ్లు గడిచాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు ఎత్తి మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరికి 2004 ఏథెన్స్‌లో వెన్ను సహకరించలేదు. పతకాల కోసం ఒంటిని పణంగా పెట్టడం వాళ్ల వృత్తి. ఆరోగ్యం కోసం జిమ్‌లో చేరినవాళ్లకు ఆ అవసరం లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

1966లో అమెరికాలోని డాలస్‌లో అయిదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ వాళ్లనే పరీక్షిస్తే తెలిసింది: ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచమే వాళ్ల శరీర సామర్థ్యాన్ని ఎక్కువగా దెబ్బతీసింది. అప్పుడు యాభై దాటిన ఆ అయిదుగురికి ఆరు నెలల శిక్షణ ఇచ్చారు. నడక, జాగింగ్, సైకిల్... కొంచెం కొంచెంగా పెంచుతూ వారానికి నాలుగున్నర గంటలకు చేర్చారు. వయసుతో తగ్గిన సామర్థ్యం తిరిగొచ్చింది. యాభైలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

ఆ పద్ధతి ఎవరైనా పాటించవచ్చు. మొదటి నెల నడక, తేలిక బరువులు. ఊపిరి, కీళ్లు కుదురుకున్నాకే వేగం పెంచాలి. బరువు పెంచిన వారం పరుగు పెంచకూడదు. ఒక కండరానికి కఠినంగా పని చెప్పాక కనీసం 48 గంటలు తెరిపి ఇవ్వాలి. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర తప్పనిసరి. జిమ్‌లో మొదటి రోజే పందెం కట్టి వందల గుంజీలు తీస్తే కండరాలు చితికి, ఆ వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. రాబ్డోమయోలైసిస్ అనే ఈ స్థితిలో మూత్రం నల్ల టీ రంగులోకి మారుతుంది. అది కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆటలాడే ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతే దాన్ని మామూలుగా తీసుకోవద్దు. శ్రమకు తగ్గ తిండి లేదని, ఎముకలు పలచబడుతున్నాయని ఒళ్లు చేస్తున్న హెచ్చరిక అది.

తిండి విషయంలో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. ప్రొటీన్ పొడుల జోలికి వెళ్లవద్దని ఆ సంస్థ హితవు చెప్పింది. మామూలు పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అరవై కిలోల మనిషికి అది సుమారు 50 గ్రాములు. బరువులెత్తేవాడికి ఇంకొంత కావాలి. గుడ్డు, గోదారి చేప, పప్పు, పెరుగు, వేరుశనగ దొరికే నేలలో వేల రూపాయల డబ్బాలు కొనాల్సిన పని లేదు.

కోనసీమ జిమ్ యజమానులకు, పోలీసు, ఆర్మీ కోచింగ్ కేంద్రాల నిర్వాహకులకు ఒక విన్నపం. చేరడానికి వచ్చినవారి దగ్గర ఫీజు తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా? శ్రమ చేసినప్పుడు ఎప్పుడైనా ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వచ్చాయా? బీపీ, షుగర్ చూపించుకున్నారా? మొదటి రెండింటిలో దేనికైనా అవునన్న జవాబు వస్తే డాక్టరు చూసేదాకా చేర్చుకోవద్దు. ముప్ఫై అయిదు దాటి, ఏళ్ల తరబడి ఒళ్లు కదల్చని పాఠకులు షూ కొనే ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి బీపీ, షుగర్ చూపించుకోండి. డాక్టరు చెబితే ఈసీజీ తీయించుకోండి. మర్నాటి నుంచే నడక మొదలుపెట్టండి.