కొరమీనును మోసగించే కప్ప

సికింద్రాబాదు నుంచి కరీంనగర్ పోయే దారిలో సుమారు పాతిక కిలోమీటర్లు వెళితే శామీర్‌పేట చెరువు వస్తుంది. వానలు వెలిసి చెరువు నిండుగా ఉన్న రోజుల్లో, ఒక ఉదయం మీరు దాని గట్టున కూర్చున్నారనుకోండి. నీరు కదలకుండా ఉంటుంది. ఉన్నట్టుండి తూటికాడల పక్కన గుబుక్కుమని చప్పుడవుతుంది. ఒక నల్లని మూతి పైకి వచ్చి, గుక్కెడు గాలి మింగి, మళ్ళీ లోపలికి పోతుంది.

అది కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. మిగతా చేపల్లాగా దీనికి మొప్పలు ఒక్కటే చాలవు. మొప్పల పైభాగాన గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఒకటి ఉంటుంది. అందువల్లనే ఆక్సిజన్ తగ్గిపోయిన బురద గుంటల్లో కూడా ఇది బ్రతకగలదు. చిన్న చేపలు, పురుగులు, కప్పలు దీని ఆహారం.

ఇంతలో గట్టున ఉన్న మరొకరు గాలపు కర్ర ఝుళిపిస్తారు. దారం చివర ఉన్న ఆకుపచ్చని కప్ప టప్పున నీటిలో పడుతుంది. రెండు కాళ్ళూ ఆడిస్తూ ఆకుల మధ్యగా ఈదుతుంది. నీరు ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. కప్ప మాయం!

కాని అది నిజమైన కప్ప కాదు. మెత్తని ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమమైన ఎర. ఇలాంటి ఎరను 'లూర్' అంటారు. కొందరు దీన్ని దుకాణంలో కొంటారు. మరికొందరు ఇంట్లోనే చేసుకుని, తమ చెరువుకు తగినట్టు తోక మార్చి, బరువు మార్చి, రంగు మార్చి చూస్తారు. పుట్టినప్పటి నుంచీ కప్పలను తిని పెరిగిన చేపను ఒక ప్లాస్టిక్ ముక్క ఎలా మోసగించగలుగుతున్నది? ఈ సంగతి తెలుసుకోవాలంటే ముందు ఆ ప్లాస్టిక్ మెత్తదనం మాట చూద్దాం.

సేమ్యాలో నూనె చుక్క

మీ ఇంట్లో నీళ్ళ గొట్టాలు పి.వి.సి.తో చేసినవి. వాటిని వంచబోతే వంగవు, విరుగుతాయి. లూర్ కూడా ఆ పి.వి.సి.తోనే తయారవుతుందంటే మీరు నమ్ముతారా?

పి.వి.సి.లో పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఉడికించిన సేమ్యా చల్లారితే ముద్దకట్టి పోవడం మీరు చూసే ఉంటారు. అందులో ఒక చెంచా నూనె వేసి కలిపితే పోగులు విడివిడిగా జారతాయి. పి.వి.సి. పొడిలో నూనెలాంటి ఒక ద్రవాన్ని కలిపి వేడిచేసినప్పుడు జరిగేది ఇలాంటిదే. ద్రవం అణువుల గొలుసుల మధ్యకు చొరబడి, అవి ఒకదాని మీద ఒకటి జారేట్టు చేస్తుంది. ఈ ద్రవాన్ని 'ప్లాస్టిసైజర్' అంటారు. అది ఎంత ఎక్కువైతే ప్లాస్టిక్ అంత మెత్తన.

ఈ కిటుకు కనిపెట్టినవాడు వాల్డో సెమన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు. 1926లో ఆయన ఏక్రన్ నగరంలోని గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో పనిచేస్తున్నాడు. రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ ఉంటే, జిగురుకు బదులు మెత్తని పి.వి.సి. చేతికి వచ్చింది! అదే ఏక్రన్ నగరంలో 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన, ఆయన భార్య కాస్మా తమ వంటింట్లో మెత్తని ప్లాస్టిక్‌తో వానపామును పోతపోశారు. మెత్తని ప్లాస్టిక్ ఎరల కథ అక్కడ మొదలయింది. మన పల్లెల్లో గాలానికి ఎర్రలు గుచ్చినట్టే, అక్కడివారు ప్లాస్టిక్ ఎర్రలను గుచ్చారన్న మాట.

ఒక హెచ్చరిక. ఈ పోత పని మీరు ఇంట్లో చేయకూడదు. పి.వి.సి. మిశ్రమం కరిగి పోతకు రావాలంటే సుమారు 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. వేడి మితిమీరితే అది మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వెలువడుతుంది. అచ్చులో ఒక నీటి బొట్టు ఉన్నా చాలు, అది క్షణంలో ఆవిరై కాగిన ప్లాస్టిక్‌ను ముఖం మీదికి చిమ్ముతుంది.

చేపకు తెలిసేదేమిటి?

మెత్తదనం వల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, ఎర ప్రాణమున్నదానిలా కదులుతుంది. చేప శరీరానికి రెండు ప్రక్కలా 'పార్శ్వరేఖ' అనే జ్ఞానాంగం ఉంటుంది. నీటిలో పుట్టిన చిన్న కదలిక కూడా దానికి తెలుస్తుంది. బురద నీటిలో కళ్ళు పనిచేయకపోయినా, కప్ప కాళ్ళు నీటిని ఎటు తోస్తున్నాయో కొరమీను పసిగట్టగలదు.

రెండవది మరీ తమాషా అయినది. కొరమీను ఉండేది తూటికాడ, గుర్రపుడెక్క పెరిగిన చోట. మామూలు గాలం వేస్తే అది చేపకు బదులు కాడలనే పట్టుకుంటుంది. అందుకని ప్లాస్టిక్ కప్పను లోపల బోలుగా చేసి, గాలపు కొక్కేలను దాని వీపుకు ఆనించి ఉంచుతారు. కప్ప ఆకుల మీదుగా జారిపోతుంది. చేప నోట కరవగానే మెత్తని వీపు అణగిపోయి, కొక్కేలు పైకి తేలుతాయి. గట్టి ప్లాస్టిక్‌తో ఈ పని జరగదు.

మరి రంగు మాటేమిటి? దుకాణంలో కప్పలు పదిరంగుల్లో మెరుస్తూ ఉంటాయి. అయితే కొరమీను నీటిపైన తేలే కప్పను కింద నుంచి చూస్తుంది. కప్ప వెనుక వెలుగుతున్న ఆకాశం ఉంటుంది. వెలుగుకు అడ్డంగా నిలబడిన మనిషి ముఖం మనకు ఎలా కనిపిస్తుంది? నల్లగా, నీడలాగా. చేపకు కప్పా అంతే. పొట్ట మీద రంగు కన్నా ఆకారమూ కదలికా ముఖ్యం.

తోకలో గణితం, పొట్టలో ఆర్కిమిడీస్

ఎరను సవరించేవారు ఎక్కువగా మార్చేది తోక మందాన్ని. పలుచని రేకు ఎంత సులువుగా వంగుతుందన్నది దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. అంటే తోక మందాన్ని సగం చేస్తే, దాని బిగువు సగం కాదు, ఎనిమిదవ వంతు అవుతుంది. (½ × ½ × ½ = ⅛). అందుకే బ్లేడుతో తోక మొదటిని కొంచెం చెక్కగానే, అంతవరకు చలనం లేని ఎర తోక జెండాలా ఆడటం మొదలుపెడుతుంది. తోక ప్రక్కన నీటి సుడులు ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన విడిపోతూ దాన్ని అటూ ఇటూ తోస్తాయి.

తరువాత బరువు. ఒక ఎర ఘనపరిమాణం 10 ఘనసెంటీమీటర్లు, బరువు 10.5 గ్రాములు అనుకుందాం. దాని సాంద్రత 1.05. నీటి సాంద్రత 1 కనుక అది మెల్లగా మునుగుతుంది. గాలానికి కట్టే జీలుగుబెండును మీరు చూసి ఉంటారు. ఒక ఘనసెంటీమీటరు బెండు ముక్కను ఎరలో దూర్చండి. బెండు బరువు దాదాపు లెక్కలోకి రాదు. ఇప్పుడు 10.5 గ్రాముల బరువు 11 ఘనసెంటీమీటర్లలో ఉన్నది. సాంద్రత సుమారు 0.95. ఎర తేలుతుంది! బెండుకు బదులు గ్రాము ఇసుక కలిపితే త్వరగా మునుగుతుంది. చాలామంది ఇందుకు సీసపు గుండ్లు వాడతారు. సీసం విషపదార్థం. దానికి బదులు చిన్న ఇనుప నట్టు చాలు.

తెగిపోయిన కప్ప ఎక్కడికి పోతుంది?

ఇంతవరకు అంతా బాగానే ఉన్నది. కాని దారం తెగితే? చేప తోకను కొరికి పోతే? నీరు తగలగానే కరిగిపోని గుణం, చేప కొరికినా పాడుకాని గుణం ఎరకు మంచివే. అవే గుణాలు చెరువుకు చెడ్డవి. పి.వి.సి. చెరువు అడుగున ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. పైగా దానిలోని ప్లాస్టిసైజర్ అణువులు గొలుసులకు కట్టివేసినవి కావు, వాటి మధ్య దూరినవి మాత్రమే. కనుక కొద్దికొద్దిగా బయటికి వస్తూ ఉంటాయి. ఇలా వాడే ద్రవాలలో 'థాలేట్లు' అనే జాతిని ఐరోపా దేశాలు 2005లో పిల్లల బొమ్మల విషయంలో కట్టడి చేశాయి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు శాస్త్రజ్ఞులు ఒక రకం ట్రౌట్ చేపల మీద ప్రయోగం చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. తొట్టెలో ఆహారంతో పాటు మెత్తని ప్లాస్టిక్ ఎరలను కూడా వేస్తే, చాలా చేపలు తమంతట తామే వాటిని మింగాయి. మింగిన చేపల్లో కొన్ని తిండి మానివేసి చిక్కిపోయాయి. గాలం లేకపోయినా ఎర తన పని తాను చేసిందన్న మాట!

అయితే నీటిలో ఉన్నంతసేపు మెత్తగా ఆడుతూ, తెగిపోతే తరువాత మట్టిలో కలిసిపోయే ఎరను చేయగలమా? ఈ ప్రశ్నకు సాయపడే వస్తువు ఒకటి శామీర్‌పేట పరిసరాల్లోనే రోజూ వాడుకలో ఉన్నది. చెరువు దాటి తుర్కపల్లి వైపు వెళితే జీనోమ్ వ్యాలీ వస్తుంది. టీకాలు, మందులు తయారుచేసే సంస్థలు అక్కడ ఉన్నాయి. అలాంటి ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను అగార్ అనే జిగటముద్ద మీద పెంచుతారు. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థాన్ని కిరాణా దుకాణాల్లో 'చైనా గ్రాస్' పేరుతో అమ్ముతారు.

పూర్వం ప్రయోగశాలల్లో జెలాటిన్ వాడేవారు. వేసవిలో అది కరిగి కారిపోయేది. జర్మనీలో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేసిన వాల్తర్ హెస్సె దీనితో విసిగిపోయాడు. 1881లో ఆయన భార్య ఫ్యానీ హెస్సె, తాను వంటింట్లో వాడే అగార్‌ను వాడి చూడమన్నది. అగార్ గట్టిపడేది 40 డిగ్రీల దగ్గర. కాని గట్టిపడ్డాక తిరిగి కరగాలంటే సుమారు 85 డిగ్రీలు కావాలి! మన ఎండలకు అది చెక్కు చెదరదు.

మీరే చేసి చూడండి

వేడినీటి పని ఉన్నది కనుక పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. గాలపు కొక్కేలు అక్కరలేదు.

1. బంకమట్టి ముద్దను చదును చేసి, వేలంత పొడవున చేప ఆకారంలో గుంట తీయండి. తోక దగ్గర గుంట లోతు తక్కువగా ఉండాలి. లోపల కాస్త నూనె పూయండి.

2. నూరు మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల చైనా గ్రాస్ వేసి, పూర్తిగా కరిగేవరకు మరగనివ్వండి. మందుల దుకాణంలో దొరికే గ్లిజరిన్ 20 మిల్లీలీటర్లు కలపండి. సేమ్యాలో నూనె పని ఇక్కడ గ్లిజరిన్ చేస్తుంది.

3. గుంటలో పొడవుగా ఒక నూలు దారం పరిచి, కాస్త చల్లారిన ద్రవాన్ని పోయండి. కాంక్రీటులో ఇనుప చువ్వల్లాగా దారం ఎరకు బలమిస్తుంది. అరగంట తరువాత మెల్లగా ఊడదీయండి.

4. ఇలా నాలుగు చేయండి. మొదటిది యథాతథంగా ఉంచండి. రెండవదాని తోకను పలుచగా చెక్కండి. మూడవదానిలో బెండు, నాలుగవదానిలో ఇసుక చేర్చండి. ఒక్కొక్క ఎరలో ఒకే ఒక్క మార్పు చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, ఫలితం దేనివల్ల వచ్చిందో మీకే తెలియదు.

5. పెద్ద తొట్టిలో నీరు నింపి, దారం పట్టుకొని ఒక్కొక్కదాన్నీ ఒకే వేగంతో లాగండి. ఏది తేలింది? ఏది ఎంతసేపటికి అడుగు చేరింది? తోక ఎన్నిసార్లు ఆడింది? పట్టిక వేసుకోండి.

మీ ఎర ప్లాస్టిక్ అంత గట్టిది కాదని త్వరలోనే తెలుస్తుంది. గట్టిగా లాగితే దారం దగ్గర చీలిపోతుంది. కొరమీను పళ్ళకు ఇది ఏమాత్రం ఆగదు. ఎక్కువ దారాలు వేస్తే? కొబ్బరి పీచు వేస్తే? చైనా గ్రాస్ 3 గ్రాములకు బదులు 5 గ్రాములు అయితే? ఇక్కడి నుంచి పరిశోధన మీది.

మరొక పరీక్ష కూడా ఉన్నది. దీనికి ఓపిక కావాలి. మూడు మట్టి కుండీలు తీసుకోండి. ఒకదానిలో మీ ఎర ముక్క, రెండవదానిలో జెలాటిన్ ముక్క, మూడవదానిలో పాత మెత్తని ప్లాస్టిక్ ముక్క పాతిపెట్టండి. ముందుగా మూడింటినీ తూచి రాసుకోండి. మట్టిని తడిగా ఉంచండి. చాలా బాక్టీరియాలు అగార్‌ను తినలేవు. అందుకే అది ప్రయోగశాలకు పనికివచ్చింది. కాని తినగలిగినవి కొన్ని ఉన్నాయి. మీ మట్టిలో అవి ఉన్నాయా? వారానికొకసారి త్రవ్వి చూడండి.

చివరగా ఒక మాట. చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా ఆ ఊరి మత్స్యకారుల సహకార సంఘానిది. వారిని అడగకుండా ఎవరూ గాలం వేయకూడదు. తొలి వానలకు కొరమీను గుడ్లు పెడుతుంది. తరువాత ఎర్రని పిల్లల గుంపు నీటిపైన ముసురుకుంటూ ఉంటే, తల్లీతండ్రీ కిందనే కాపలా కాస్తాయి. ఆ సమయంలో అవి ఆకలితో కాదు, పిల్లలకు హాని వస్తుందని కప్ప మీద విరుచుకుపడతాయి. అప్పుడు గాలానికి చిక్కిన ఒక్క చేపతో పాటు, కాపలా పోయిన ఆ గుంపు అంతా ఇతర చేపల పాలవుతుంది.

శామీర్‌పేటలోనో, మేడ్చల్ పెద్దచెరువులోనో, మీ ఊరి కుంటలోనో గుబుక్కుమన్న చప్పుడు వినబడితే, ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ చేప గాలి కోసం వచ్చింది. అది మళ్ళీ లోపలికి పోయినప్పుడు, చెరువు అడుగున దానికి ఏమి ఎదురవుతుందో నిర్ణయించేది గట్టున ఉన్న మనమే.