రెపో రేటు పల్నాడు దాకా ఎలా వస్తుంది?

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆ నెలలోనే దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 7.79 శాతానికి ఎగబాకింది. మే 4న రిజర్వ్ బ్యాంకు షెడ్యూలులో లేని సమావేశం పెట్టి మరీ రెపో రేటును 4 నుంచి 4.40 శాతానికి పెంచింది. 2023 ఫిబ్రవరికల్లా అది 6.50కి చేరింది.

బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర తీసుకునే స్వల్పకాలిక అప్పుపై వడ్డీయే రెపో. అది పెరిగితే నరసరావుపేటలో అప్పు చేసి ఇల్లు కట్టుకున్న ఉద్యోగికి ఆ బరువు తెలిసొస్తుంది. ఇరవై లక్షల అప్పు, ఇరవై ఏళ్ల గడువు. వడ్డీ 7 నుంచి 9.5 శాతమైతే నెలకు దాదాపు 3,100 రూపాయలు అదనం. కొత్త ఫ్రిజ్జో, బండో వచ్చే ఏడాదికి పోతుంది. ఇలా లక్షల ఇళ్లలో కొనుగోళ్లు తగ్గితే ధరలు పెరిగే వేగం నెమ్మదిస్తుంది. ధరలు తగ్గవు, పెరుగుదల తగ్గుతుందంతే.

గురజాల, మాచర్ల వైపు మిర్చి రైతు సంగతి వేరు. కౌలు రైతు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే అప్పుకు రెపోతో పనే లేదు. ధర పడిపోతే ఆదుకునే శక్తీ రెపోకు లేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుదేలైనప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది.

అదే ఏడాది అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. అందులో వడ్డీ రేట్ల ఘనత కన్నా ఆహార ధరలు పడిపోవడమే ఎక్కువ. పంట అమ్ముకునేవారికి ఆ అంకె శుభవార్త కాదు. డిసెంబరులో రెపో 5.25 శాతానికి తగ్గింది.